చీనీ తోటలో రెండు వాల్వులు

అనంతపురం జిల్లాలో మా చిన్నాయన చీనీ (బత్తాయి) తోట రెండు ముక్కలు. పై తోట మెట్టలో, కింది తోట పల్లంలో. రెండింటికీ ఒకటే బోరు. డ్రిప్పుకు నీళ్లు వదిలినప్పుడల్లా ఆయన రెండు గేటు వాల్వుల మధ్య తిరుగుతాడు. కిందిది పూర్తిగా తెరిస్తే నీళ్లన్నీ పల్లానికి దిగి, పైన డ్రిప్పర్ల నుంచి చుక్క రాదు. కిందిది బిగిస్తే పైన ప్రెజర్ ఎక్కువవుతుంది. పైది కాస్త బిగిస్తే మళ్లీ కింద లెక్క మారుతుంది. నాలుగైదు సార్లు తిరిగేసరికి రెండు చోట్లా సమానంగా పడతాయి. తొందరపడి నేను వాల్వు గిర్రున తిప్పబోతే ఆపుతాడు: "అట్ల తిప్పగాకప్పా. అర చుట్టు తిప్పి నీళ్లు సూడు."

ఇంజనీరింగ్‌లో న్యూమరికల్ మెథడ్స్ చదివేటప్పుడు చిన్నాయన చేసే పనికి ఇటరేషన్ (మళ్లీ మళ్లీ సరిచేస్తూ జవాబుకు దగ్గరవడం) అనే పేరుందని తెలిసింది. ఒక తెలియని రాశిని కదలకుండా ఉంచి రెండోదాన్ని సరిచేయడం, తర్వాత దాన్ని ఉంచి మొదటిదాన్ని సరిచేయడం. చాలా సమీకరణాలను కలిపి సాధించే గాస్-సైడల్ పద్ధతి నడిచేది ఈ దారినే.

బడిలో నేర్చిన జంట సమీకరణాల్లో ఒక రాశిని తీసేస్తే రెండోది దొరికేది. నీళ్ల పైపుల దగ్గర అంత సులువు కాదు. పైపులో ప్రవాహం రెట్టింపైతే రాపిడికి పోయే ప్రెజర్ రెట్టింపుతో ఆగదు, దాదాపు నాలుగింతలవుతుంది. సమీకరణాల్లోకి వర్గాలు వచ్చేస్తాయి. ఊరంతా పరుచుకున్న పైపులకైతే నేరుగా జవాబు చెప్పే సూత్రమే ఉండదు. ఊహించాలి, ఎంత తప్పామో చూడాలి, సరిదిద్దాలి.

1936లో అమెరికా ఇంజనీరు హార్డీ క్రాస్ పైపుల కోసం ఇలాంటి పద్ధతే రాశాడు. కాగితం మీద చేసి చూద్దాం. నిమిషానికి 100 లీటర్లు రెండు పైపులుగా చీలి మళ్లీ ఒకచోట కలుస్తున్నాయి. రెండో పైపు సన్నం, నీళ్లకు అది పెట్టే అడ్డంకి మొదటిదానికి నాలుగు రెట్లు. రెండు దారుల్లోనూ పోయే ప్రెజర్ సమానం కావాలి. చెరి 50 అనుకుందాం. మొదటి దారిలో 50 వర్గం, 2500. రెండో దారిలో దానికి నాలుగింతలు, 10000. తేడా 7500. ఒక పైపు నుంచి రెండోదానికి ఒక లీటరు మళ్లిస్తే ఈ తేడా ఎంత మారుతుందో కూడా లెక్కగట్టవచ్చు: మొదటి దారిలో 100, రెండో దారిలో 400, కలిపి దాదాపు 500. 7500ను 500తో భాగిస్తే 15. అంటే 15 లీటర్లు మొదటి పైపుకు మళ్లించాలి: 65, 35. మళ్లీ అదే లెక్క చేస్తే 66.65. మూడోసారికి 66.667. అసలు జవాబు 66 లీటర్ల మీద మూడింట రెండొంతులు. తప్పు మొదట 16కు పైన ఉండింది, తర్వాత 1.7కు, ఆ తర్వాత 0.02కు పడిపోయింది. మొదటిసారి ఈ లెక్క చేసుకున్నప్పుడు నమ్మలేక మళ్లీ చేశాను.

తేడాను, అది మారే వేగంతో భాగించి సరిదిద్దే ఈ దారి పేరు న్యూటన్ పద్ధతి. ఇంత వేగానికి కారణం అదే. న్యూటన్ 1669లో రాసుకున్నదాన్ని జోసెఫ్ రాఫ్సన్ 1690లో మెరుగుపరిచి అచ్చు వేశాడు. 1740లో థామస్ సింప్సన్ దాన్ని రెండు సమీకరణాలకు విస్తరించాడు. ఇందులో వాల్వులను ఒక్కొక్కటిగా ముట్టుకోరు. ఏది కదిలితే ఏది ఎంత మారుతుందో అన్నింటినీ ఒక పట్టికలో రాసి, అన్నింటినీ ఒకేసారి సరిదిద్దుతారు. ఆ పట్టిక పేరు జాకోబియన్. ఊళ్ల నీటి సరఫరా లెక్కకు వాడే ఈపానెట్ సాఫ్ట్‌వేర్ లోపల నడిచేదీ ఈ కుటుంబానికి చెందిన పద్ధతే.

ఈ పద్ధతి తప్పుదారి పట్టే చోట్లూ ఉన్నాయి. మొదటి ఊహ జవాబుకు బాగా దూరమైతే దిద్దుబాటు అవతలికి దూకేస్తుంది, మళ్లీ ఇవతలికి, ఒక్కోసారి ఎప్పటికీ కుదురుకోదు. లూపులో, అంటే చీలి మళ్లీ కలిసే పైపుల చుట్టులో, ప్రవాహం సున్నా దగ్గరికొస్తే భాగించే సంఖ్య కూడా చిన్నదై, దిద్దుబాటు అమాంతం పెరిగిపోతుంది. అప్పుడు లెక్క చెప్పిన దిద్దుబాటులో సగమే వేసి, తేడా తగ్గిందో లేదో చూసి ముందుకు పోతారు. చిన్నాయన అర చుట్టు అదే.

ఎక్కడ ఆగాలన్నదీ ముందే అనుకోవాలి. కంప్యూటర్ పది దశాంశాల దాకా పోగలదు. తోటలో పావు లీటరు తేడాను ఏ చీనీ చెట్టూ పట్టించుకోదు. రెండు వైపులా డ్రిప్పర్ల కింద తడి ఒకే వెడల్పున పరుచుకుంటే చిన్నాయన వాల్వు మీద నుంచి చేయి తీసేస్తాడు.