బీమా సొమ్ము వాయిదాల్లోనే: ఈ షరతు వెనక కథ

ఇంటి యజమాని పోతే బీమా సొమ్ము ఒకేసారి రావాలా, నెలనెలా రావాలా? ఎల్‌ఐసీతో సహా చాలా కంపెనీల పాలసీల్లో దీన్ని పాలసీదారు బతికుండగానే తేల్చేయొచ్చు. ఎల్‌ఐసీలో ప్లాన్‌ను బట్టి 5, 10 లేదా 15 ఏళ్ల వాయిదాలు ఉంటాయి. ఆయన అలా రాసిచ్చి చనిపోతే నామినీ ఇక దాన్ని మార్చలేరు.

కుటుంబం సొమ్ముకు కాపలా పెట్టడం పాత ఆలోచనే. 1874 నాటి వివాహిత మహిళల ఆస్తి చట్టం ప్రకారం, భార్యాపిల్లల కోసమని పాలసీలోనే రాస్తే అది ట్రస్టు అవుతుంది. భర్తకు అప్పులిచ్చినవాళ్లు మామూలుగా దాని జోలికి రాలేరు. ఇది హిందువులకు వర్తిస్తుందా అన్న వివాదం చాలాకాలం నడిచింది. వర్తిస్తుందని మద్రాసు హైకోర్టు ఫుల్ బెంచ్ తేల్చింది. అందుకే 1923 సవరణలో మద్రాసుకు వేరే తేదీ ఉంది: 1913 డిసెంబరు 31 తర్వాత తీసుకున్న ఇలాంటి పాలసీలకు రక్షణ. అప్పటి కోస్తా, రాయలసీమ మద్రాసులోనివే కాబట్టి ఆ మేలు మనవాళ్లకూ అందింది.

తర్వాతి తగాదా వారసులతో. నామినీ సొమ్ము తీసుకునే మనిషే తప్ప హక్కుదారు కాదని 1983లో సుప్రీంకోర్టు చెప్పింది. తల్లిదండ్రులు, భార్య లేదా భర్త, పిల్లలు నామినీలైతే సొమ్ము వాళ్లదేనని బీమా చట్టానికి 2015లో చేసిన సవరణ సరిచేసింది.

ఇక వాయిదాల సంగతి. దినవారాలు పూర్తవకముందే చేబదులు అడిగేవాళ్లు, వడ్డీకి తిప్పుదామనేవాళ్లు ఇంటికొస్తారు. ఆ భయం నిజమే. రోడ్డు ప్రమాదంలో పోయినవారి కుటుంబానికొచ్చే పరిహారాన్ని బ్యాంకు డిపాజిట్‌లో ఉంచాలని కోర్టులు చెప్పిందీ అందుకే. కానీ చదువుకున్న ఒక తల్లి, ఎదిగిన కూతుళ్లు తమ డబ్బు తమకిమ్మని సుప్రీంకోర్టుదాకా వెళ్లాల్సి వచ్చింది. అందరికీ ఒకే రూలు గుడ్డిగా పెట్టొద్దని 2012లో కోర్టు ఆ సొమ్ము విడుదల చేయించింది.

నన్ను కలవరపెట్టేది ఇక్కడే. పరిహారం కేసులో అవసరం చెప్పుకోవడానికి ఒక జడ్జి ఉన్నారు. పాలసీ షరతులో అలాంటివారెవరూ లేరు. ఆపరేషన్ వచ్చినా, ఇంటి లోన్ మీదపడినా వాయిదా అంతే వస్తుంది. పదిహేనో ఏట కూడా అదే అంకె, ధరలు మాత్రం అక్కడే ఉండవు. అప్పులవాళ్ల నుంచి కాపాడటం వేరు, భార్యనే నమ్మకపోవడం వేరు.

మొత్తానికి కాకుండా కొంత సొమ్ముకే వాయిదాలు కోరే వీలు ఎల్‌ఐసీ ఇస్తోంది. ఎంత ఒకేసారి, ఎంత వాయిదాల్లో అన్నది భార్యను అడిగాకే ఫారంలో రాయాలి.