కూల్‌డ్రింక్ సీసాలో థిన్నర్

సముద్రపు గాలికి విశాఖలో గేట్లు, గ్రిల్స్ త్వరగా తుప్పు పడతాయి. పెయింట్ పని అయ్యాక మిగిలిన థిన్నర్ పారబోయడానికి మనసొప్పదు. ఖాళీ కూల్‌డ్రింక్ సీసాలో పోసి మెట్ల కింద పెట్టేస్తాం. రెండేళ్ల పిల్లాడు సీసాను చూసి గుర్తుపడతాడు, మూత తీసి గుటక వేస్తాడు.

థిన్నర్, కిరోసిన్ పొట్టలో చేసే హాని కన్నా ఊపిరితిత్తుల్లో చేసే హాని చాలా ఎక్కువ. తాగేటప్పుడు పొలమారి కాస్త లోపలికి జారినా, పల్చగా పరుచుకుపోయి గాలిగదుల లోపలి పూతను దెబ్బతీస్తుంది. న్యుమోనియా వస్తుంది, ఊపిరి అందదు. ఇలాంటప్పుడు మన ఇళ్లలో పెద్దవాళ్లు కంగారులో చేసే మొదటి పని నోట్లో వేలు పెట్టి కక్కించడం, లేదా ఉప్పునీళ్లు పట్టడం. దయచేసి ఈ పని చేయకండి. కక్కేటప్పుడు అదే థిన్నర్ మళ్లీ గొంతులోకొచ్చి ఊపిరితిత్తుల్లోకి జారుతుంది. తాగింది బాత్రూమ్ యాసిడ్ అయితే, ఒకసారి కాలిన అన్నవాహిక రెండోసారి కాలుతుంది. ఉప్పునీళ్లు ఎక్కువైతే రక్తంలో సోడియం పెరిగి అదో ప్రాణాపాయం.

ఈ ఊరి తేమకు బీరువాల్లో కలరా ఉండలు వేయడం మామూలే. తెల్లగా, గుండ్రంగా పిప్పరమెంటు బిళ్లల్లా ఉంటాయి. జీ6పీడీ అనే ఎంజైమ్ లోపం ఉన్న పిల్లలు మింగితే ఎర్ర రక్తకణాలు పగిలిపోతాయి. ఒకట్రెండు రోజుల తర్వాత గానీ మూత్రం ముదురు రంగులోకి మారదు, కళ్లు పచ్చబడవు. కర్పూరం అలా ఆగదు. పావుగంట తిరక్కుండానే ఫిట్స్ రావచ్చు. పూజ సామాన్లు కింది అరలో ఉన్న ఇళ్లు ఈరోజే పైకి మార్చుకోవాలి.

నాకు అన్నిటికన్నా భయం కలిగించేవి గర్భిణులకిచ్చే ఎర్రటి ఐరన్ మాత్రలు. ఒక్కోదాంట్లో 60 మిల్లీగ్రాముల ఇనుము ఉంటుంది. పది కిలోల బిడ్డ పది మాత్రలు మింగితే ప్రాణం మీదికొస్తుంది. ముందు వాంతులవుతాయి, తర్వాత కొన్ని గంటలు బిడ్డ తేరుకున్నట్టే కనిపించవచ్చు. ఆ తెరిపిని నమ్మి ఇంట్లో ఉండిపోకూడదు, లోపల కాలేయం దెబ్బతింటూ ఉండవచ్చు.

ఏం మింగినా 108కి ఫోన్ చేయండి. ఢిల్లీ ఎయిమ్స్‌లోని విష సమాచార కేంద్రం 1800 116 117 నంబర్లో రాత్రీపగలూ సలహా ఇస్తుంది. గాజువాక నుంచో మధురవాడ నుంచో కేజీహెచ్ (కింగ్ జార్జ్ ఆసుపత్రి) దాకా ట్రాఫిక్‌లో రావడం కన్నా, ముందు దగ్గర్లో ఎమర్జెన్సీ ఉన్న ఆసుపత్రికి వెళ్లడం మేలు. వెళ్లేటప్పుడు ఆ సీసా, మాత్రల అట్ట వెంట తీసుకెళ్లండి. ఎన్ని ఖాళీ అయ్యాయో లెక్క చూసుకునే డాక్టర్ వైద్యం మొదలుపెడతారు.