మోహన్ బగాన్ ఎందుకు గెలుస్తూనే ఉంది?

2025 ఫిబ్రవరి 23న కోల్‌కతా సాల్ట్ లేక్ స్టేడియంలో ఒడిశా ఎఫ్‌సీ తొంభై నిమిషాలూ కోల్‌కతా ఫుట్‌బాల్ క్లబ్ మోహన్ బగాన్‌కు గోల్ ఇవ్వలేదు. ఇంజురీ టైమ్ మూడో నిమిషంలో దిమిత్రి పెట్రాటోస్ కొట్టాడు. 1-0. ఆ ఒక్క గోల్‌తో ఇండియన్ సూపర్ లీగ్ (ఐఎస్‌ఎల్) పట్టికలో మొదటి స్థానానికి ఇచ్చే లీగ్ షీల్డ్ వరుసగా రెండో ఏడు కూడా మోహన్ బగాన్‌కే దక్కింది. అంతకు ముందు ఏ క్లబ్బూ షీల్డ్‌ను వరుసగా రెండుసార్లు గెలవలేదు. ఆ సీజన్ లీగ్‌లో 24 మ్యాచ్‌లాడి ఓడింది రెండే. ఏప్రిల్ 12న అదే మైదానంలో దాదాపు 60 వేల మంది ముందు బెంగళూరును ఎక్స్‌ట్రా టైమ్‌లో 2-1తో ఓడించి, ప్లేఆఫ్ ఫైనల్ గెలిచినవాళ్లకు ఇచ్చే కప్పు కూడా తీసుకుపోయింది.

ఒడిశాలో బరంపురం, ఛత్రపురం, పర్లాకిమిడి వైపు తెలుగు ఇళ్లలో ఫుట్‌బాల్ చూసేవాళ్లకు ఈ ఫలితాలు దూరపు వార్తలు కావు. రాష్ట్రం లెక్కన మన టీమ్ ఒడిశా ఎఫ్‌సీ. భాష లెక్కన హైదరాబాద్. ఇక కోల్‌కతాతో అనుబంధం బతుకుతెరువుది. ఖరగ్‌పూర్ రైల్వే కాలనీలకు, హుగ్లీ ఒడ్డున జూట్ మిల్లులకు గంజాం నుంచి, శ్రీకాకుళం నుంచి తరాలుగా జనం వెళ్లారు. సెలవులకు వచ్చినప్పుడు వాళ్లు మోసుకొచ్చిన కబుర్లలో మోహన్ బగాన్, దాని పాత ప్రత్యర్థి ఈస్ట్ బెంగాల్ కూడా ఉండేవి. హౌరా, సికింద్రాబాద్ మధ్య నడిచే ఫలక్‌నుమా ఎక్స్‌ప్రెస్ మన బరంపురం మీదుగానే పోతుంది. ఆ దారిలో ఒక చివరి ఊళ్లోని క్లబ్ కప్పుల మీద కప్పులు గెలుస్తోంది. రెండో చివర ఊళ్లో ఐఎస్‌ఎల్ క్లబ్బే లేకుండా పోయింది. మధ్యలో ఉన్న భువనేశ్వర్ క్లబ్, అంటే ఒడిశా ఎఫ్‌సీ, 2025 ఆగస్టులో ఆటగాళ్ల కాంట్రాక్టులను తాత్కాలికంగా నిలిపేసింది. ఇదంతా ఐదారేళ్లలో జరిగిపోయింది. ఎందుకిలా అయిందో తెలియాలంటే కొంచెం వెనక్కి వెళ్లాలి.

మోహన్ బగాన్ పుట్టింది 1889లో. 1911 జూలై 29న కలకత్తాలో జరిగే పాత నాకౌట్ టోర్నీ ఐఎఫ్‌ఏ షీల్డ్ ఫైనల్లో బ్రిటిష్ సైనిక జట్టు ఈస్ట్ యార్క్‌షైర్ రెజిమెంట్‌ను 2-1తో ఓడించింది. మనవాళ్లలో ఎక్కువమంది వట్టి కాళ్లతో ఆడారు, అవతలివాళ్లు బూట్లతో. శివదాస్ భాదురి, అభిలాష్ ఘోష్ కొట్టిన ఆ గోల్స్‌కు కోల్‌కతాలో ఇప్పటికీ ఏటా జూలై 29న పండగ చేస్తారు. ఈస్ట్ బెంగాల్ 1920లో, మైదానంలో ఒక ఆటగాణ్ణి అన్యాయంగా పక్కన పెట్టారన్న కోపంతో మొదలైంది. తర్వాత దేశ విభజన వల్ల తూర్పు బెంగాల్ నుంచి వచ్చిన లక్షల కుటుంబాలకు అది సొంత జెండా అయింది. కాబట్టి చరిత్ర ఉన్నందుకే మోహన్ బగాన్ గెలుస్తోందనే మాట నేను ఒప్పుకోను. చరిత్ర, జనం, కన్నీళ్లు ఈస్ట్ బెంగాల్‌కు ఏమాత్రం తక్కువ లేవు.

పైగా కోల్‌కతాలో ఆధిపత్యం ఎప్పుడూ ఒకరి దగ్గరే ఉండిపోలేదు. 1934 నుంచి 1938 వరకు కలకత్తా లీగ్ వరుసగా ఐదుసార్లు నగరంలోని మూడో పెద్ద క్లబ్ మొహమ్మడన్ స్పోర్టింగ్ గెలిచింది. 1970 నుంచి 1975 వరకు వరుసగా ఆరుసార్లు ఈస్ట్ బెంగాల్. 1975 ఐఎఫ్‌ఏ షీల్డ్ ఫైనల్లో ఈస్ట్ బెంగాల్ 5-0తో మోహన్ బగాన్‌ను చిత్తు చేసింది. ఆ దెబ్బ తిన్న మోహన్ బగాన్ రెండేళ్లలోనే లేచి 1977లో ఐఎఫ్‌ఏ షీల్డ్, రోవర్స్ కప్, డ్యూరాండ్ కప్ మూడూ కొట్టింది.

ఆ లేవడంలో హైదరాబాద్ చేయి ఉంది. సయ్యద్ అబ్దుల్ రహీం తీర్చిదిద్దిన హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 దాకా వరుసగా ఐదేళ్లు రోవర్స్ కప్ గెలిచింది. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం, 1962 జకార్తా ఏషియన్ గేమ్స్‌లో స్వర్ణం తెచ్చిన భారత జట్లకు కోచ్ ఆయనే. ఆ నేల నుంచి ఆటగాళ్లు వరసగా కోల్‌కతా రైలెక్కారు. సికింద్రాబాద్‌లో పుట్టిన తులసీదాస్ బలరాం ఈస్ట్ బెంగాల్‌కు ఆడి, బెంగాల్‌లోనే స్థిరపడి, 2023లో అక్కడే కన్నుమూశారు. మహమ్మద్ హబీబ్ మూడు పెద్ద క్లబ్బులకూ ఆడారు. 1977 సెప్టెంబర్ 24న ఈడెన్ గార్డెన్స్‌లో పెలే ఉన్న న్యూయార్క్ కాస్మోస్‌తో మోహన్ బగాన్ 2-2తో డ్రా చేసుకున్నప్పుడు, ఒక గోల్ హబీబ్‌దే. ఆ పేరు మన పిల్లలకు తెలియకపోవడం నాకు బాధగానే ఉంటుంది.

అప్పట్లో రెండు క్లబ్బుల జేబులూ దాదాపు సమానం. ఈ ఏడు వీళ్లు లాక్కున్న ఆటగాణ్ణి వచ్చే ఏడు వాళ్లు లాక్కునేవాళ్లు. ఆధిపత్యం అటూ ఇటూ మారేది. 1998లో విజయ్ మాల్యా యూబీ గ్రూప్ ఒకేసారి ఇద్దరికీ డబ్బు పెట్టింది. ఒకరి జెర్సీ మీద మెక్‌డోవెల్, ఇంకొకరి జెర్సీ మీద కింగ్‌ఫిషర్. పాత నేషనల్ లీగ్‌ను ఇద్దరూ చెరో మూడుసార్లు గెలిచారు. 2003లో జకార్తాలో ఆసియాన్ కప్ ఈస్ట్ బెంగాల్ తెచ్చింది. అక్కడిదాకా ఎవరు ముందు, ఎవరు వెనక అని తేల్చడం కష్టం.

2014లో ఐఎస్‌ఎల్ వచ్చాక ఇద్దరూ బయటే ఉండిపోయారు. మెరుపులన్నీ కొత్త లీగ్‌వి, వీళ్లది నేషనల్ లీగ్ స్థానంలో వచ్చిన పాత ఐ-లీగ్. మోహన్ బగాన్ 2015 మే 31న బెంగళూరులో ఐ-లీగ్ గెలిచిన తీరు చూడండి. ఓడితే టైటిల్ బెంగళూరుది, డ్రా అయితే వీళ్లది. 0-1తో వెనకబడి, 87వ నిమిషంలో బెల్లో రజాక్ తలతో కొట్టిన గోల్‌తో 1-1 చేసుకుంది. ఆ సీజన్‌లో ఆటగాళ్లకు జీతాలు నెలల తరబడి పడలేదు. 2019-20లో కిబు వికూన్యా కోచింగ్‌లో నాలుగు మ్యాచ్‌లు మిగిలి ఉండగానే మళ్లీ ఐ-లీగ్ గెలిచింది. అంటే ఆట తెలిసిన క్లబ్బే, కానీ ఖజానా ఖాళీ. ఈస్ట్ బెంగాల్ 2018-19లో ఒక్క పాయింట్ తేడాతో చెన్నై సిటీకి టైటిల్ వదులుకుంది. ఆటలో అప్పుడూ పెద్ద తేడా లేదు.

తేడా 2020 జనవరిలో వచ్చింది. సంజీవ్ గోయెంకా ఆర్పీఎస్‌జీ గ్రూప్ మోహన్ బగాన్ ఫుట్‌బాల్ కంపెనీలో 80 శాతం వాటా తీసుకుంది. అప్పటికే ఆ గ్రూప్ చేతిలో ఏటీకే అనే ఐఎస్‌ఎల్ జట్టు ఉంది. అది ఆ మార్చిలోనే మూడో టైటిల్ గెలిచింది. రెండూ కలిసిపోయాయి. పాత కార్యవర్గానికి 20 శాతం మిగిలింది. పచ్చ, మెరూన్ జెర్సీ మిగిలింది. తెరచాప పడవ గుర్తు మిగిలింది. పేరు ముందు మాత్రం ఏటీకే చేరింది. అభిమానులు భగ్గుమన్నారు. మూడేళ్ల పాటు ‘ఏటీకే తీసెయ్యండి’ అన్న గొడవ ఆగలేదు. 2023 మార్చిలో ఐఎస్‌ఎల్ కప్ గెలిచిన రాత్రి గోయెంకా పేరు మారుస్తున్నట్టు ప్రకటించారు. జూన్ నుంచి మోహన్ బగాన్ సూపర్ జెయింట్ అయింది.

నా దృష్టిలో ఈ క్లబ్ చేసిన అసలు పని ఇదే. నూట ముప్పై ఏళ్ల క్లబ్ కార్యవర్గం పెత్తనం వదులుకుంది, అదీ ఒక్కసారే, ఒకే యజమానికి, స్పష్టమైన కాగితం మీద. అభిమానుల కోపాన్ని భరించింది. ఆ తర్వాత జట్టు కట్టేవాళ్లకు డబ్బు ఎప్పుడొస్తుందో, ఎవరు సంతకం పెడతారో అన్న టెన్షన్ లేదు. సీజన్ ముగిసేలోపే వచ్చే ఏటి ఆటగాళ్లతో మాట్లాడుకోగలిగారు. హైదరాబాద్ ఎఫ్‌సీ నుంచి లిస్టన్ కొలాసో 2021లో వచ్చాడు, ఆశిష్ రాయ్ 2022లో వచ్చాడు. చెన్నైయిన్ నుంచి అనిరుధ్ థాపా, కేరళ నుంచి సహల్ అబ్దుల్ సమద్ 2023లో. 2022 ప్రపంచ కప్ ఆడిన ఆస్ట్రేలియా ఫార్వర్డ్ జేసన్ కమిన్స్ కూడా అదే ఏడు. మరుసటి ఏడాది ఆస్ట్రేలియా ఎ-లీగ్ చరిత్రలోనే ఎక్కువ గోల్స్ కొట్టిన జేమీ మెక్‌లారెన్. 2025 ఫైనల్లో గెలుపు గోల్ అతనిదే, 96వ నిమిషంలో. 2023-24 షీల్డ్ తెచ్చిన కోచ్ ఆంటోనియో హబాస్ వెళ్లిపోయి హోసే మోలీనా వచ్చినా జట్టు చెదరలేదు.

ఇప్పుడు అవతలి గట్టు చూద్దాం. ఈస్ట్ బెంగాల్‌కు యూబీ తర్వాత 2018లో క్వెస్ వచ్చింది, 2020లో వెళ్లిపోయింది. ఐఎస్‌ఎల్ నవంబర్‌లో మొదలవుతుందనగా సెప్టెంబర్ మొదట్లో ముఖ్యమంత్రి మమతా బెనర్జీ చొరవతో శ్రీ సిమెంట్ ఖాయమైంది. అప్పటికి మంచి ఆటగాళ్లంతా వేరే క్లబ్బుల్లో సంతకాలు పెట్టేశారు. లివర్‌పూల్ పాత స్టార్ రాబీ ఫౌలర్‌ను కోచ్‌గా తెచ్చారు గానీ, మిగిలినవాళ్లతో జట్టు కడితే ఎంత గొప్ప కోచ్ అయినా ఏం చేస్తాడు? మరుసటి ఏడు తుది ఒప్పందం మీద సంతకం పెట్టేది లేదని క్లబ్ కార్యవర్గం మొండికేసింది. మైదానం, పేరు, గుర్తు అన్నీ ఇన్వెస్టర్ చేతికి పోతాయని వాళ్ల భయం. ఆ భయం పూర్తిగా తప్పని అనలేను. కానీ 2021 జూలైలో క్లబ్ టెంట్ (కార్యాలయం) ముందు సొంత అభిమానులే సంతకం పెట్టండని నిరసనకు దిగి లాఠీదెబ్బలు తిన్నారు. ఆ సీజన్ ఆఖరి స్థానంలో ముగిసింది. 2022లో శ్రీ సిమెంట్ పోయి ఇమామీ వచ్చింది, ఆ ఒప్పందం కుదిరేసరికి మళ్లీ ఆగస్టు. మొదటి ఐదు ఐఎస్‌ఎల్ సీజన్లలో ఈస్ట్ బెంగాల్ స్థానాలు: 9, 11, 9, 9, 9. జెర్సీ అదే, జనం వాళ్లే, 2018 నుంచి ఇన్వెస్టర్లు మాత్రం ముగ్గురు.

ఇమామీ నిలదొక్కుకున్నాక ఫలితం కొంచెం కనిపించింది కూడా. 2024 జనవరిలో భువనేశ్వర్ కళింగ స్టేడియంలో సూపర్ కప్ ఫైనల్లో ఒడిశా ఎఫ్‌సీని ఎక్స్‌ట్రా టైమ్‌లో 3-2తో ఓడించి, పన్నెండేళ్ల తర్వాత జాతీయ స్థాయి కప్పు ఎత్తింది. సొంతగడ్డ మీద కప్పు చేజారడం ఇక్కడివాళ్లకు ఎంత మింగుడు పడకపోయినా, ఆ రాత్రి గేలరీలో ఎరుపు, పసుపు చొక్కాల ఏడుపు చూస్తే ఎవరికైనా మనసు కరిగేది. 2025 ఆగస్టులో డ్యూరాండ్ క్వార్టర్‌ఫైనల్లో మోహన్ బగాన్‌నూ 2-1తో ఓడించింది.

హైదరాబాద్ కథ ఇంకా చేదు. 2019లో పుణె జట్టు స్థానంలో వచ్చిన హైదరాబాద్ ఎఫ్‌సీ 2022 మార్చి 20న కేరళ బ్లాస్టర్స్‌ను పెనాల్టీల్లో ఓడించి ఐఎస్‌ఎల్ చాంపియన్ అయింది. మనోలో మార్కెజ్ కోచింగ్, నైజీరియా ఫార్వర్డ్ ఒగ్బెచే గోల్స్, కుర్ర భారత ఆటగాళ్ల పరుగు. అదే సీజన్ సెమీస్‌లో ఓడించింది మోహన్ బగాన్‌నే. మరుసటి ఏడు లీగ్‌లో రెండో స్థానం. సెమీస్‌లో మళ్లీ అదే మోహన్ బగాన్ ఎదురై, పెనాల్టీల్లో ఈసారి పైచేయి వాళ్లది. అక్కడి నుంచి పతనం. జీతాలు పడలేదు, బకాయిల మీద ఫిర్యాదులు ఫిఫా దాకా వెళ్లాయి, కొత్త ఆటగాళ్లను తీసుకోకుండా నిషేధం పడింది, విదేశీయులు ఒక్కొక్కరే వెళ్లిపోయారు. 2023-24లో సీజన్ మొత్తానికి ఒకే ఒక్క గెలుపు. 2025లో ఆ క్లబ్ ఢిల్లీకి తరలి స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీ అయింది. రహీం ఊరికి ఐఎస్‌ఎల్‌లో చోటే లేకుండా పోయింది. రెండేళ్ల వ్యవధిలో చాంపియన్ జట్టు అట్టడుగుకు చేరడానికి ఆటలో లోపం కారణం కాదు. డబ్బు పెట్టేవాడు ఆగిపోతే రెండో దిక్కు లేకపోవడమే కారణం. ఈ లీగ్‌లో చాలా క్లబ్బులది ఇదే పరిస్థితి. టీవీ ఆదాయం గానీ, టికెట్ల డబ్బు గానీ ఖర్చులకు చాలవు. యజమాని ఏటా జేబులోంచి తీయాలి. ఒక క్లబ్ కుదేలైనప్పుడల్లా అందులోని మంచి ఆటగాళ్లు నిలకడ ఉన్న చోటికే చేరతారు. అందువల్ల ప్రత్యర్థుల ప్రతి ఇబ్బందీ మోహన్ బగాన్‌కు ఇంకొంత బలమవుతోంది.

అంత మాత్రాన వాళ్లను ఆకాశానికెత్తనవసరం లేదు. 2023 నవంబర్ 27న ఆసియా క్లబ్బుల పోటీ ఏఎఫ్‌సీ కప్‌లో ఒడిశా ఎఫ్‌సీ సాల్ట్ లేక్‌కే వెళ్లి 5-2తో గెలిచింది. గోల్స్ కొట్టినవాళ్లలో మోహన్ బగాన్ వదులుకున్న రాయ్ కృష్ణ ఒకడు. ఆసియా పోటీల్లో భద్రత కారణాలు చెప్పి 2024లో, మళ్లీ 2025లో ఇరాన్‌లో మ్యాచ్‌కు వెళ్లకపోవడంతో మోహన్ బగాన్ టోర్నీకే దూరమైంది. భద్రత విషయంలో ఆటగాళ్ల భయం అర్థం చేసుకోదగ్గదే. అయినా దేశంలో ఇంత పెద్ద క్లబ్ ఆసియాలో వరుసగా రెండేళ్లు మధ్యలోనే ఆగిపోవడం అభిమానులకు మింగుడు పడలేదు.

2010లో అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య రిలయన్స్ భాగస్వామ్య సంస్థతో ఆట వాణిజ్య హక్కుల మీద 15 ఏళ్లకు, 700 కోట్లకు చేసుకున్న ఒప్పందం 2025 డిసెంబర్‌లో ముగియాల్సి ఉండింది. కొత్తది కుదరకపోవడంతో 2025 జూలైలో ఐఎస్‌ఎల్ తదుపరి సీజన్‌ను ఆపి ఉంచారు. నెల తిరక్కుండానే ఒడిశా ఎఫ్‌సీ కాంట్రాక్టులు నిలిపేసింది, బెంగళూరు జీతాలు ఆపింది. మోహన్ బగాన్ అదే ఆగస్టులో డ్యూరాండ్ ఆడింది, సెప్టెంబర్‌లో ఆసియా మ్యాచ్‌కు దిగింది. లీగ్ జరుగుతుందో లేదో ఎవరికీ తెలియని ఆ రోజుల్లో, గంజాం నుంచి ఒక మంచి కుర్రాడు పైకొచ్చి ఉంటే వాళ్ల నాన్న ఏ క్లబ్‌లో చేర్పించాలని చూస్తాడో వేరే చెప్పక్కర్లేదు. ఇక్కడికి మూడు గంటల దూరంలో ఉన్న భువనేశ్వర్ క్లబ్ ఆ జాబితాలో మొదట ఉండాలని నా కోరిక. దానికి ముందు అక్కడ జీతం నెలనెలా పడాలి.