తొలకరికి ఊరు చేరే మందలు

డిసెంబరు రాగానే మన చర్చిల్లో, వాట్సాప్ గ్రూపుల్లో ఒక వాదన మళ్లీ మొదలవుతుంది: యేసు నిజంగా డిసెంబరులోనే పుట్టాడా? బేత్లెహేము దగ్గర కాపరులు రాత్రివేళ పొలంలో మందను కాచుకుంటున్నారని లూకా సువార్త చెబుతుంది. ఆ చలిలో, వానల్లో గొర్రెలు బయట ఉంటాయా? "తొలి వానకే మందలు ఇంటికొచ్చేవని తల్ముదులోనే ఉంది, కాబట్టి డిసెంబరు కాదు" అని ఒకరు అంటారు. తల్ముదు అంటే యూదు రబ్బీల, అంటే మత గురువుల, చర్చల సంకలనం. ఆ మాట తల్ముదులో ఉన్నది నిజమే. దాని పక్కనే ఇంకో మాట కూడా ఉంది.

ముందు అక్కడి రుతువులు తెలియాలి. తొలకరి అంటే మనకు జూన్. తెలుగు బైబిలులో "తొలకరి వాన" అని చదివినప్పుడు మనసులో మెదిలేది కూడా అదే. అక్కడ మాత్రం తొలకరి మర్హెష్వాను నెలలో, అంటే అక్టోబరు-నవంబరులో పడుతుంది. పస్కా పండుగ వచ్చే నీసాను (మార్చి-ఏప్రిల్) నాటికి వానలు ముగుస్తాయి. ఆ తర్వాత నెలల తరబడి ఎండే. చలికాలమే వానకాలం, పచ్చిక మొలిచేదీ అప్పుడే.

ఇక మందల సంగతి. తల్ముదుకు ఆధారమైన, సుమారు సా.శ. 200 నాటికి కూర్చిన యూదు ధర్మశాస్త్ర గ్రంథం మిష్నాలో, బేత్సా అనే భాగంలో, పశువులను రెండు రకాలుగా చెప్పారు: ఎడారిలో ఉండేవి, ఊళ్లో రాత్రి గడిపేవి. అక్కడ నడుస్తున్న చర్చ వాతావరణం గురించి కాదు. పండుగ రోజున ఏ పశువును కోయవచ్చు అన్నదే ప్రశ్న. ఇంటి పట్టున ఉన్నదాన్ని నీళ్లు పెట్టి కోయవచ్చు, ఎడారిదాన్ని కోయకూడదు. దూరాన మేస్తున్న పశువును యజమాని పండుగ కోసం ముందే మనసులో అనుకుని ఉండడని దాని వెనకున్న ఆలోచన. నీళ్లు ఎందుకంటే, తోలు సులువుగా ఊడుతుందని తల్ముదు వివరించింది.

ఎడారి పశువులంటే ఏవి? పస్కాకు బయలుదేరి, బయట బీళ్లలో మేసి, తొలి వానకు తిరిగి వచ్చేవి అని తల్ముదులో ఒక వివరణ. దీనికి మిష్నాను కూర్చిన రబ్బీ యూదా హనాసీ ఒప్పుకోలేదు. ఆయన లెక్కలో అవి కూడా ఊరి పశువులే. ఎండాకాలంలోనూ వానకాలంలోనూ ఊరి ముఖం చూడనివే అసలు ఎడారి పశువులు అన్నాడు. అంటే ఏడాది పొడవునా బయటే ఉండే మందలు ఆయనకు తెలుసు. మనవాళ్ల వాదనలో ఈ రెండో మాట తరచూ జారిపోతుంది. నాకు బాధ కలిగించేది అదే.

నేల తీరు చూస్తే ఆయన మాట ఇంకా బాగా అర్థమవుతుంది. బేత్లెహేము కొండ మీది ఊరు, 750 మీటర్లకు పైనే ఉంటుంది. అక్కడ చలికాలం రాత్రులు గట్టిగానే వణికిస్తాయి. తూర్పుకు దిగితే కొద్ది దూరంలోనే యూదా ఎడారి. అక్కడ వాన తక్కువ, చలీ తక్కువ. ఆ కొద్దిపాటి వానకే చలికాలంలో గడ్డి మొలుస్తుంది. వేసవిలో అది మాడిపోయాక మందలు కోత అయిన చేల వైపు రావాల్సిందే. అయితే గొర్రెలు, మేకలు పైరు పాడుచేస్తాయి. అందుకే వాటిని ఇశ్రాయేలు దేశంలో పెంచకూడదని, సిరియాలోనూ దేశంలోని ఎడారుల్లోనూ పెంచుకోవచ్చని మిష్నాలోనే ఇంకోచోట ఉంది. వాటిలో యూదా ఎడారిని తల్ముదు పేరు పెట్టి చెప్పింది.

ఈ మాటలను క్రిస్మస్ వాదనలోకి తెచ్చింది తర్వాతి క్రైస్తవ పండితులు. 17వ శతాబ్దంలో జాన్ లైట్‌ఫుట్ పస్కా-తొలి వాన వివరణను లూకా వచనం పక్కన పెట్టాడు. 1883లో ఆల్ఫ్రెడ్ ఎడర్‌షైమ్ మరో మిష్నా వాక్యం చూపించి, బేత్లెహేము దగ్గర మందలు ఏడాదంతా బయటే ఉండేవన్నాడు. ఆయన చూపిన వాక్యం యెరూషలేము నుంచి బేత్లెహేము దగ్గరి మిగ్దల్ ఏదెరు అనే చోటు దాకా దారితప్పి దొరికిన పశువులను ఏ బలికి ఇవ్వాలన్నదాని గురించి. అది కూడా వేరే ప్రశ్నకు చెప్పిన జవాబే.

లూకా తేదీ రాయలేదు. డిసెంబరు 25 కనిపించే తొలి పత్రం 354 నాటి రోమా పంచాంగం. కాపరి కష్టం మాత్రం ఆదికాండములో యాకోబు నోట స్పష్టంగా ఉంది: మామ లాబానుతో గొడవపడుతూ, పగలు ఎండకు, రాత్రి మంచుకు క్షీణించిపోయాననీ కంటికి నిద్ర లేదనీ అంటాడు.