నడుములో సూది: బొప్పాయి పాల నుంచి ఎండోస్కోపు దాకా

వరంగల్ నుంచి హైదరాబాద్ వెళ్లే పొద్దుటి బస్సులో వెడల్పాటి ప్లాస్టిక్ కవరు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నవారు ఒకరిద్దరైనా కనిపిస్తారు. అందులో ఉండేది ఎంఆర్‌ఐ ఫిల్ము. మడత పడుతుందేమోనని దాన్ని పై అరలో పెట్టరు. కిటికీ వెలుతురుకు ఎత్తి పట్టి పక్కవారికి చూపిస్తారు కూడా. 'ఇదిగో, ఇక్కడ డిస్కు జారిందట' అంటారు. నడుము నొప్పి చికిత్సకు ఇప్పుడా ప్రయాణం అందరికీ అవసరం లేదు. హనుమకొండలోనూ కరీంనగర్‌లోనూ 'కోత లేకుండా', 'ఒక్క సూదితో', 'అదే రోజు ఇంటికి' అనే బోర్డులు వెలిశాయి. ఈ మూడు మాటలూ పూర్తిగా అబద్ధం కావు, పూర్తిగా నిజమూ కావు. ఎందుకో తెలియాలంటే కొంచెం వెనక్కి వెళ్లాలి.

ముందుగా 'సూది' అనే మాటను విడదీయాలి. ఊళ్లో ఆర్‌ఎంపీ పిరుదుకు వేసే నొప్పి సూది కండలోకి వెళ్తుంది. నొప్పిని కొన్ని గంటలు అణచడమే దాని పని. వెన్నులో నరాలను కప్పి ఉంచే పొర వెలుపల స్టెరాయిడ్ వదిలే ఎపిడ్యూరల్ సూది రెండోది. సూది మొన ఎక్కడుందో సి-ఆర్మ్ అనే ఎక్స్‌రే యంత్రం తెరపై చూస్తూ దీన్ని వేయాలి. మూడోదానిలో మందు నామమాత్రమే. వెన్నుపూసల వెనుక ఉండే చిన్న కీళ్ల నుంచి నొప్పిని మోసుకెళ్లే సన్నని నరాలను రేడియో తరంగాల వేడితో మాడ్చడానికి సూదిని దారిగా వాడుకుంటారు. మూడూ మన నోట్లో ఒకే 'సూది' అయిపోయాయి. నాలుగోది కూడా ఉంది, కాన్పు ఆపరేషన్‌కు ఇచ్చే మత్తు సూది. జీవితాంతం నడుము నొప్పికి అదే కారణమని మన ఇళ్లలో గట్టి నమ్మకం. పాపం, దానిపై పడిన నిందకు పరిశోధనల్లో ఆధారం దొరకలేదు.

నడుము నుంచి కాలి పిక్క దాకా తీగలా లాగే నొప్పిని ఆయుర్వేదం గృధ్రసి అంది, ఇంగ్లీషు వైద్యం సయాటికా అంది. పేరు పెట్టారు కానీ కారణం చాలాకాలం ఎవరికీ అంతుపట్టలేదు. ఆపరేషన్ చేసి చూసినవారికి నరాన్ని నొక్కుతున్న మెత్తటి ముద్ద కనిపించేది. అది మృదులాస్థి కణితి అనుకునేవారు. అమెరికాలోని బోస్టన్‌లో మిక్స్టర్, బార్ అనే ఇద్దరు శస్త్రవైద్యులు అలా 'కణితి' పేరుతో దాచిపెట్టిన నమూనాలను మళ్లీ తీయించి చూపించారు. చాలావరకు అవి కణితులే కావు. రెండు వెన్నుపూసల మధ్య దిండులా ఉండే డిస్కు చిరిగి, లోపలి గుజ్జు బయటకు తోసుకువచ్చిన ముక్కలు. 19 మంది రోగుల వివరాలతో 1934లో వారు ప్రచురించిన వ్యాసం నడుము నొప్పి చరిత్రను మలుపు తిప్పింది. కారణం కంటికి కనిపించింది కాబట్టి కోసి తీసేయవచ్చు అన్న ధీమా కూడా అప్పుడే మొదలైంది. ఆ ధీమా ఎంత మేలు చేసిందో అంత కీడూ చేసింది. వెన్నుపూస వెనుక పైకప్పులాంటి ఎముకను తొలగించి, కండలను పక్కకు చీల్చి, వేలెడు పొడవు కోతతో చేసే ఆపరేషన్ దశాబ్దాల పాటు రాజ్యమేలింది. 'నడుముకు ఆపరేషన్ చేయిస్తే మంచం పడతారు' అని మన పెద్దలు భయపడింది ఆ కాలపు ఆపరేషన్లను చూసే.

సూది కథ కోత కంటే పాతది. 1901లో ఫ్రాన్సులో సికార్ అనే వైద్యుడు తోక ఎముక దగ్గరి సందులోంచి పలుచని కొకైన్ ద్రావణాన్ని ఎక్కించి సయాటికాకు ఉపశమనం చూపాడు. అదే ఏడాది కాత్లాన్ అనే మరో ఫ్రెంచి వైద్యుడూ విడిగా అదే దారి పట్టాడు. 1952లో ఇటలీ వైద్యులు నరం మొదలు దగ్గర హైడ్రోకార్టిసోన్ అనే స్టెరాయిడ్ వాడారు. నేటి స్టెరాయిడ్ సూదికి మూలం అదే. జారిన డిస్కు నరాన్ని నొక్కడమే కాదు, అక్కడ వాపునూ పుట్టిస్తుంది. స్టెరాయిడ్ ఆ వాపును తగ్గిస్తుందే తప్ప డిస్కును వెనక్కి నెట్టదు. అందుకే దాని ఉపశమనం వారాల్లోనో కొద్ది నెలల్లోనో లెక్క. అయినా ఆ వ్యవధి వృథా కాదు. చాలామంది నరం అంతలో తనంతట తానే తేరుకుంటుంది.

ఈ చరిత్రలో నాకు అన్నిటికంటే ఇష్టమైన ఘట్టం బొప్పాయిది. మటన్ ముదురుగా ఉంటే పచ్చి బొప్పాయి ముక్క వేసి ఉడికించడం మన వంటింట్లో తెలిసిన సంగతే. మాంసకృత్తులను విరగ్గొట్టే ఎంజైము ఆ కాయ పాలలో ఉంది. 1950లలో అమెరికాలో లూయిస్ థామస్ అనే వైద్యుడు ఆ ఎంజైమును కుందేళ్ల రక్తంలోకి ఎక్కించాడు. నిటారుగా నిలబడే వాటి చెవులు తెల్లారేసరికి వాలిపోయాయి. చెవిలోని మృదులాస్థి మెత్తబడింది. కొద్ది రోజుల్లో చెవులు మళ్లీ లేచాయి. ఈ వింత చదివిన లైమన్ స్మిత్ అనే శస్త్రవైద్యుడికి, చెవిని మెత్తబరిచింది డిస్కునూ మెత్తబరచదా అనిపించింది. 1963లో కైమోపపైన్ అనే బొప్పాయి ఎంజైమును సూదితో మనిషి డిస్కులోకి ఎక్కించాడు. 1982లో అమెరికా దానికి అనుమతి ఇచ్చింది, వాడకం వెల్లువెత్తింది. వెంటనే దెబ్బలూ మొదలయ్యాయి. కొందరికి ప్రాణాంతకమైన అలెర్జీ వచ్చింది. బహు కొద్దిమందికి వెన్నుపాము దెబ్బతిని కాళ్లు పడిపోయాయి. కొత్త శతాబ్దం వచ్చేసరికి దాని తయారీయే ఆగిపోయింది. అయితే ఆలోచన చావలేదు. బ్యాక్టీరియా నుంచి తీసిన మరో ఎంజైముకు 2018లో జపాన్ అనుమతి ఇచ్చింది.

కోత చిన్నదవడం వేరే దారిలో జరిగింది. 1977లో స్విట్జర్లాండ్‌లో యాసార్గిల్, జర్మనీలో కాస్పర్ సూక్ష్మదర్శిని కింద డిస్కు తీయడం గురించి రాశారు. కోత రెండు మూడు సెంటీమీటర్లకు దిగింది. అంతకు కొంచెం ముందే జపాన్‌లో హిజికాటా, అమెరికాలో కాంబిన్ పక్క నుంచి గొట్టం దూర్చే ప్రయత్నాలు చేశారు. బయటకు వచ్చే నరానికీ కింది వెన్నుపూసకూ మధ్య సురక్షితంగా లోపలికి వెళ్లగల ముక్కోణపు సందు ఒకటి ఉంది. ఇప్పుడు దాన్ని కాంబిన్ త్రికోణం అంటారు. ఎండోస్కోపు అనే సన్నని కెమెరా పరికరం దూరే గొట్టం వెడల్పు ఎనిమిది మిల్లీమీటర్లకు అటూఇటుగా ఉంటుంది. దీనిలో మరో సుఖం ఉంది. రోగికి పూర్తి మత్తు ఇవ్వకుండానే చాలాసార్లు పని జరిగిపోతుంది. పరికరం నరానికి తగిలితే 'కాలు లాగుతోంది డాక్టరుగారూ' అని రోగే చెప్పగలడు.

ఇక బోర్డులు చెప్పని సంగతి. గొట్టంలోంచి చేసే పద్ధతిని మామూలు సూక్ష్మదర్శిని ఆపరేషన్‌తో నెదర్లాండ్స్‌లో 328 మందిపై పోల్చి చూస్తే, 2009లో వెలువడిన ఫలితాల్లో కొత్త పద్ధతి పైచేయి సాధించలేదు. 2022లో అదే దేశం నుంచి వచ్చిన మరో అధ్యయనం పూర్తి ఎండోస్కోపు పద్ధతి పాతదానికి తీసిపోదని తేల్చింది. తీసిపోదు అన్నది మంచి మాటే, కానీ బోర్డు మీద రాసుకునేంత గొప్ప మాట కాదు. అసలు ఆపరేషన్‌నే ఆగి చూడటంతో పోల్చిన నెదర్లాండ్స్ పరిశోధన 2007లో వచ్చింది. తొందరగా ఆపరేషన్ చేయించుకున్నవారి కాలి నొప్పి త్వరగా తగ్గింది. ఏడాది తిరిగేసరికి ఆగినవారిలోనూ, చేయించుకున్నవారిలోనూ దాదాపు 95 శాతం మంది కోలుకున్నారు. ఆగినవారిలో 39 శాతం మంది మధ్యలో ఆపరేషన్‌కు వచ్చారన్నదీ దాచకూడదు. అంటే కోత కొనిచ్చేది ముఖ్యంగా సమయం. రోజు కూలి మీద బతికే ఇంటికి ఆ సమయం చిన్న విషయం కాదు.

ఆ బస్సులోని ఫిల్ము సంగతీ చెప్పాలి. 1994లో అమెరికాలో నడుము నొప్పి లేని 98 మందికి ఎంఆర్‌ఐ తీస్తే, 52 శాతం మందిలో కనీసం ఒక డిస్కు ఉబ్బి కనిపించింది. అన్ని డిస్కులూ బాగున్నవారు 36 శాతమే. ఏ నొప్పీ లేని నా ఫిల్మును కిటికీకి ఎత్తి పట్టినా పక్కవారు అయ్యో అనవచ్చు. నొప్పి ఉన్న వైపూ, కాలిలో ఉన్న తిమ్మిరీ, ఫిల్ములో కనిపించే నరమూ ఒకదానితో ఒకటి కలిస్తేనే సూదికైనా కోతకైనా అర్థం.

మన ప్రాంతంలో మరో చిక్కు ఉంది. వెన్నెముకకు వచ్చే క్షయ ఇంకా పోలేదు. సాయంత్రం జ్వరం, బరువు తగ్గడం, రాత్రి పడుకున్నా వదలని నొప్పి ఉంటే అది డిస్కు కాకపోవచ్చు. అక్కడ స్టెరాయిడ్ వేస్తే క్రిములకు చోటిచ్చినట్టే. చక్కెర వ్యాధి ఉన్నవారికి స్టెరాయిడ్ సూది తర్వాత కొన్ని రోజులు చక్కెర పెరుగుతుంది. రక్తం పలుచబరిచే మాత్రలు వాడేవారు ఆ సంగతి ముందే చెప్పాలి. మూత్రం రాకుండా ఆగిపోవడం, మర్మావయవాల చుట్టూ స్పర్శ పోవడం, పాదం వేలాడిపోవడం కనిపిస్తే ఏ సూదికీ ఎదురుచూడకుండా గంటల్లో పెద్దాసుపత్రికి చేరాలి. అక్కడ చిన్న కోతా పెద్ద కోతా అన్న బేరం ఉండదు.

వరంగల్ ఎనుమాముల మార్కెట్లో బస్తాలు మోసే హమాలీకి, భూపాలపల్లి గనిలో దిగే కార్మికుడికి, వంగి నాట్లు వేసే ఆడవారికి ఈ చరిత్ర చివరికి ఒకే ప్రశ్నగా అందుతుంది: మళ్లీ పనికి ఎప్పుడు? చర్మం మీది ఎనిమిది మిల్లీమీటర్ల గాయం పది రోజుల్లో మానుతుంది. డిస్కు పైపొరలో పడిన చిరుగుకు పైన కోత ఎంతో తెలియదు. అది తన పద్ధతిలో, నెమ్మదిగానే మానుతుంది. ఆలోపు బరువెత్తితే అదే చోటి నుంచి గుజ్జు మళ్లీ జారుతుంది. కనీసం ఆరు వారాలు బరువు ముట్టవద్దని వైద్యులు చెబుతారు. ఎనుమాములకు ఎర్ర మిర్చి ముంచెత్తే కాలం ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా. అందులో సగం ఆ ఆరు వారాలకే సరిపోతుంది.