పిల్లల బరువుకీ చెవికీ మధ్య ఒక సన్నని దారి

విజయవాడలో పిల్లాడికి చెవిపోటు వస్తే ఇంట్లో ముందు వచ్చే ప్రశ్న, "కాలవలో మునిగాడా? తలంటినప్పుడు నీళ్ళు పోయాయా?" అనే. బందరు కాలువ, ఏలూరు కాలువ ఊళ్ళోంచే పారుతున్న చోట ఆ అనుమానం సహజం. కానీ కర్ణభేరికి చిల్లు లేనంతవరకు బయటి నీరు మధ్యచెవిలోకి పోలేదు. ఆ నీటివల్ల బయటి చెవి దారి వాచి నొప్పి పెట్టొచ్చు, అది వేరే జబ్బు. మధ్యచెవికి జబ్బు ఎక్కువగా వచ్చేది ముక్కు, గొంతు వైపు నుంచి. బరువుకూ చెవికీ సంబంధం ఉందా అన్న ప్రశ్నకు దారి అక్కడే ఉంది.

కర్ణభేరి వెనక గాలి నిండిన చిన్న గది మధ్యచెవి. దాన్నుంచి ముక్కు వెనక్కి దిగే గొట్టాన్ని యూస్టేషియన్ నాళం అంటారు. 16వ శతాబ్దపు ఇటలీ వైద్యుడు బార్తొలోమియో యుస్టాకి పేరుమీద వచ్చిన మాట అది. మనం మింగినప్పుడో ఆవులించినప్పుడో అంగిలి దగ్గరి కండరం దాన్ని తెరుస్తుంది. గాలి లోపలికి వెళ్తుంది, లోపల ఊరిన తేమ గొంతులోకి దిగుతుంది. పెద్దవాళ్ళలో ఈ నాళం సుమారు 35 మిల్లీమీటర్ల పొడవుతో ఏటవాలుగా ఉంటుంది. పసిబిడ్డలో దాని పొడవు అందులో దాదాపు సగమే, వాలూ తక్కువే. అందుకే వాళ్ళకు జలుబు వెంట చెవిపోటు వస్తుంది.

నాళం మూసుకుపోతే లోపలి గాలి ఇంకిపోయి నీరు ఊరుతుంది. అందులో క్రిములు పెరిగితే చీము, జ్వరం. పెరగకపోతే నొప్పీ ఉండదు, జ్వరమూ ఉండదు. జిగురు నీరు నిలిచిపోయి వినికిడి సుమారు 25 నుంచి 30 డెసిబెల్స్ తగ్గుతుంది. పిల్లాడు టీవీ సౌండ్ పెంచుతాడు, పిలిస్తే పలకడు, డిక్టేషన్‌లో తప్పులు రాస్తాడు. వినపడక తిట్లు తినే ఇలాంటి పిల్లలు ఎందరున్నారో తలుచుకుంటే బాధేస్తుంది.

ఇక బరువు సంగతి. 2007లో దక్షిణ కొరియా వైద్యులు, మధ్యచెవిలో నీరు చేరి శస్త్రచికిత్స దాకా వచ్చిన పిల్లల్ని ఆ జబ్బులేని పిల్లలతో పోల్చి చూశారు. ఎత్తుతో పోల్చిన బరువు మొదటివాళ్ళలో ఎక్కువగా కనిపించింది. కారణాలుగా అనుకుంటున్నవి కొన్నున్నాయి. నాళం పక్కన సహజంగానే ఒక కొవ్వు మెత్త ఉంటుంది. బాగా చిక్కిపోయిన పెద్దవాళ్ళలో అది తరిగి, నాళం తెరుచుకునే ఉండి, తమ మాట తమ చెవిలోనే మోగుతుంది. కొవ్వు పెరిగితే నాళం ఇరుకవుతుందన్నది దానికి ఎదురు ఊహ. రెండోది, ఒంట్లోని అదనపు కొవ్వు వాపును పెంచే రసాయనాలను రక్తంలోకి వదులుతుంది. మూడోది, బరువుతోపాటు పెరిగే పులితేన్పు. కడుపులో తిండిని అరిగించే పెప్సిన్ అనే రసాయనం కొందరు పిల్లల మధ్యచెవి నీటిలోనే దొరికింది! అంటే కడుపులో ఉండాల్సింది ముక్కు వెనకదాకా వచ్చి, ఆ నాళం ఎక్కిందన్నమాట.

దీన్ని తిప్పి చూస్తే నాకు మరింత ఆశ్చర్యంగా ఉంటుంది. నాలుక ముందు భాగపు రుచిని మెదడుకు చేర్చే కార్డా టింపని అనే నరం, కర్ణభేరి లోపలి పక్కనుంచే పోతుంది. చెవిలో మాటిమాటికీ చీము పడితే ఆ నరం దెబ్బతినొచ్చు. అమెరికాలో రుచిపై పరిశోధించిన లిండా బార్టోషుక్, చిన్నప్పుడు చెవి జబ్బులు పడ్డవారిలో పెద్దయ్యాక ఊబకాయం ఎక్కువగా కనిపిస్తోందని 2008లో చెప్పారు. రుచి నరం మందగిస్తే నూనె, వెన్న లాంటివాటి నునుపు నోటికి మరింత హితవుగా తోస్తుందని ఆమె వివరణ. అలాగైతే బరువు చెవిని పాడుచేసిందా, చెవి బరువును పెంచిందా? రెండూ కలిసి కనిపించినంత మాత్రాన ఒకటి రెండోదానికి కారణమని తేల్చలేం. బొద్దుగా ఉన్న పిల్లలందరికీ చెవిపోటు రాదు, వచ్చినవాళ్ళందరూ బొద్దుగా ఉండరు.

మన దగ్గర రెండో కొసను మరవకూడదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో ఐదేళ్ళలోపు పిల్లల్లో సుమారు 30 శాతం మంది వయసుకు తగ్గ బరువు లేరు. అధిక బరువున్నవాళ్ళు 3 శాతం లోపే. పోషణ చాలని పిల్లల్లో చెవిలోంచి నెలల తరబడి చీము కారడం ఎక్కువ. నేపాల్‌లో చేసిన అధ్యయనంలో, చిన్నప్పుడు పోషణ చాలనివాళ్ళకు యవ్వనంలో వినికిడి లోపం ఎక్కువగా తేలింది. చెవి జబ్బు విషయంలో బక్కపిల్లాడే ముందు మన కంట పడాలని నా అభిప్రాయం.

తల్లిపాలు బిడ్డ చెవినీ బరువునూ రెండింటినీ కాస్తాయి. బిడ్డను పూర్తిగా పడుకోబెట్టి సీసాపాలు పట్టకూడదు. ఇంట్లో సిగరెట్ పొగ ఉండకూడదు. చెవిలో చీము పట్టించే ఒక రకం క్రిమిని అడ్డుకునే న్యుమోకోకల్ టీకా 2021 నుంచి దేశమంతటా ప్రభుత్వ టీకాల్లో ఉచితంగా ఇస్తున్నారు, దాన్ని వేయించాలి. కారే చెవిలో వేడి నూనె, వెల్లుల్లి నూనె పోయొద్దు. చిల్లుపడ్డ చెవితో కాలవలో మునగనివ్వొద్దు, అక్కడ మాత్రం నీటి భయం నిజమే.

నొప్పిలేని నీరు చాలామందిలో మూడు నెలల్లో తానే తగ్గిపోతుంది కాబట్టి డాక్టర్లు తరచుగా ఆగి చూద్దామంటారు. ఆ తర్వాత కూడా వినికిడి మందంగానే ఉంటే టింపనోమెట్రీ చేయించమని అడగండి. చెవిలో చిన్న మొన పెట్టి, గాలి ఒత్తిడి కాస్త మార్చి, కర్ణభేరి ఎంత కదులుతోందో చూస్తారు. నొప్పి ఉండదు, నిమిషం లోపు అయిపోతుంది.