మార్కెట్ పడింది, సిప్ ఆపేద్దామా? అపోహలు – వాస్తవాలు

షేర్ మార్కెట్ సూచీ నిఫ్టీ పది శాతం పడితే చాలు, మ్యూచువల్ ఫండ్లు అమ్మే మాకు ఫోన్లు మొదలవుతాయి. "సర్, కొన్నాళ్లు సిప్ ఆపేసి, మార్కెట్ కుదురుకున్నాక మళ్లీ మొదలుపెడదామా?" అడిగేవాళ్లను తప్పుపట్టలేం. సిప్ అంటే మ్యూచువల్ ఫండ్‌లోకి నెలనెలా జీతంలోంచి తీసి కడుతున్న డబ్బు. యాప్ తెరిస్తే అన్నీ ఎర్రంకెలే. దానికితోడు ఫ్యామిలీ వాట్సాప్ గ్రూపులో ఎవరో బాబాయ్ "ఇంకా 40 శాతం పడుతుందట" అని ఫార్వర్డ్ పెడతారు. ఎవరన్నారు, ఏ ఆధారంతో అన్నారు అంటే మాత్రం జవాబుండదు.

అపోహ: మార్కెట్ పడుతుంటే సిప్ కట్టడం చిల్లుకుండలో నీళ్లు పోయడమే

జనాన్ని ఎక్కువగా ముంచేది ఇదే. మాటలతో కంటే లెక్కతో తేలిగ్గా తేలుతుంది. నెలకు 5,000 సిప్. ఐదు నెలల్లో ఎన్ఏవీ (ఫండ్‌లో ఒక యూనిట్ ధర) 50, 40, 25, 40, 50 అనుకోండి. అంటే సగానికి పడిపోయి, మొదలైన చోటికే వచ్చి ఆగింది. మీకు వచ్చే యూనిట్లు వరసగా 100, 125, 200, 125, 100. మొత్తం 650. కట్టింది 25,000. చివరి ఎన్ఏవీ 50తో చూస్తే విలువ 32,500. మార్కెట్ ఒక్క పైసా పెరగలేదు, మీకు 7,500 లాభం.

ఇప్పుడు అందరూ కోరుకునే మార్కెట్ చూద్దాం: 50, 55, 60, 65, 70. ఒక్క నెల కూడా పడలేదు. యూనిట్లు దాదాపు 422.6, విలువ సుమారు 29,580. ఎన్ఏవీ 40 శాతం పెరిగినా లాభం 4,580 దగ్గరే ఆగింది. గిలకొట్టిన మార్కెటే ఎక్కువిచ్చింది.

కారణంలో మాయేమీ లేదు. కట్టే రూపాయలు మారవు కాబట్టి ధర తగ్గిన నెలలో యూనిట్లు వాటంతటవే ఎక్కువ పడతాయి. మొదటి ఉదాహరణలో ఐదు నెలల ఎన్ఏవీ సగటు 41, మీకు పడిన సగటు ధర మాత్రం 38.46. ఒడిదుడుకులు ఎంత ఎక్కువుంటే ఈ తేడా అంత పెరుగుతుంది.

మరి 25 దగ్గర భయపడి ఆ ఒక్క నెల కట్టకపోతే? 20,000 కట్టినట్టు, 450 యూనిట్లు, విలువ 22,500, లాభం 2,500. అంటే మొత్తం 7,500 లాభంలో 5,000 తెచ్చింది ఆ భయపెట్టిన నెల కిస్తీ ఒక్కటే. ఇక అక్కడే సిప్ ఆపేసి, ఉన్న 225 యూనిట్లు అమ్ముకున్నవాళ్ల చేతికి వచ్చేది 10,000కు 5,625. ఒకటి గుర్తుపెట్టుకోండి: సిప్ ఆపడం వేరు, యూనిట్లు అమ్మడం వేరు. భయంలో చాలామంది రెండూ ఒకే రోజు చేస్తారు.

అపోహ: అయితే ఒడిదుడుకులు ఎప్పుడూ మంచివే

ఇది మాలాంటి అమ్మేవాళ్లు పుట్టించిన అపోహ. వరస తిరగేయండి: 50, 60, 80, 60, 50. యూనిట్లు 429. కట్టిన 25,000కు విలువ సుమారు 21,460. అదే ఊగిసలాట, ఈసారి 3,500కు పైగా నష్టం. ముందు పడి తర్వాత లేస్తేనే లాభం. ముందు లేచి చివర్లో పడితే ఎక్కువ ధరకు కొన్న యూనిట్లే మెడకు చుట్టుకుంటాయి.

ఇంకో షరతుంది: పడినది లేవాలి. 2008 జనవరిలో 21,000 దాటిన సెన్సెక్స్ (నిఫ్టీలాంటిదే మరో సూచీ) 2009 మార్చికి 8,000 దరిదాపులకు వచ్చింది. 2010 నవంబరుకు మళ్లీ 21,000 చూసింది. 2020 మార్చి 23న 7,610 దగ్గర ముగిసిన నిఫ్టీ అదే నవంబరులో పాత గరిష్ఠాన్ని దాటింది. ఇవి చూపించి "ఎప్పుడైనా రెండేళ్లలో లేస్తుంది" అనేవాళ్లకు జపాన్ గుర్తుచేయాలి. అక్కడి సూచీ నిక్కీ 1989 డిసెంబరు నాటి గరిష్ఠాన్ని మళ్లీ దాటింది 2024 ఫిబ్రవరిలో. ముప్పై నాలుగేళ్లు!

ఒక్క షేరైతే అసలు లేవకపోవచ్చు. హైదరాబాద్ వాళ్లకు చెప్పక్కర్లేదు. 2009 జనవరి 7న అక్కడి ఐటీ కంపెనీ సత్యం షేరు ఒక్కరోజులో నాలుగింట మూడొంతులకు పైగా పడింది. "పడిందిగా, ఇంకా కొని యావరేజ్ చేద్దాం" సూత్రం అలాంటిచోట పనిచేయదు. ఆ కంపెనీని సెన్సెక్స్, నిఫ్టీల్లోంచి వెంటనే తీసేసి వేరేవాటిని పెట్టారు. ఇండెక్స్ (సూచీ) బలమంతా ఇక్కడే ఉంది: చెడినది బయటికి పోతుంది, ఎదిగేది లోపలికి వస్తుంది. అంటే కూలిన కంపెనీ నష్టం ఇండెక్స్‌కూ తగులుతుంది, కానీ మిగతా కంపెనీల గుంపు నిలబడుతుంది. మీరు గుంపుని కొంటున్నారా, అందులో ఒకణ్ణే కొంటున్నారా అన్నది ముందు చూసుకోండి. ఒకే రంగానికి చెందిన సెక్టార్ ఫండ్‌లో సిప్ పెట్టి ఇదే రక్షణ ఉందనుకోకండి.

అపోహ: సిప్ కొనసాగించాలంటే గుండెధైర్యం కావాలి

ధైర్యం కాదు, విడిగా నగదు కావాలి. మార్కెట్లు కుప్పకూలే రోజులూ, ఉద్యోగాలు ఊడే రోజులూ తరచూ కలిసే వస్తాయి. చేతిలో రొక్కం లేకపోతే ఎంత క్రమశిక్షణ ఉన్నా ఇంటి ఈఎంఐ కోసం 25 దగ్గరే యూనిట్లు అమ్మాల్సి వస్తుంది. కాబట్టి సిప్ మొదలుపెట్టే ముందే ఆరు నెలల ఖర్చు పక్కన పెట్టండి. అద్దె, ఈఎంఐ, ఫీజులు, సరుకులు, ప్రీమియంలు కలిపి నెలకు 40,000 అయితే 2,40,000. ఇందులో ఒక నెలది సేవింగ్స్ ఖాతాలో, మిగతాది ఎఫ్‌డీలోనో వెంటనే తీసుకోగల లిక్విడ్ ఫండ్‌లోనో ఉండాలి. ఆఫీసు ఇచ్చే ఆరోగ్య బీమా ఉద్యోగంతోపాటే పోతుంది. సొంత పాలసీ వేరే ఉండాలి.

నిజంగానే జీతం ఆగితే సిప్ ఆపండి, తప్పేమీ లేదు. చాలా ఫండ్ సంస్థల్లో 'పాజ్' సౌకర్యం ఉంటుంది. ఉన్న యూనిట్లు అలాగే ఉంటాయి.

మిగతావి గబగబా.

కిస్తీ తప్పితే ఫండ్ జరిమానా వేస్తుందని భయపడకండి, ఇది చిట్టీ కాదు. కాకపోతే ఖాతాలో డబ్బుల్లేక మాండేట్ (సిప్ డబ్బు తీసుకోమని బ్యాంకుకు మీరిచ్చిన అనుమతి) తిరిగిపోతే మీ బ్యాంకు ఛార్జీ వేస్తుంది. వరసగా మూడుసార్లు తప్పితే సాధారణంగా సిప్ రద్దవుతుంది.

నెలలో ఏ తేదీ మంచిది, రోజువారీ సిప్ మేలా అంటారా? ఏళ్ల తరబడి చూస్తే తేడా నామమాత్రమే. జీతం పడ్డాక రెండు మూడు రోజులకు పెట్టుకోండి, చాలు.

కొత్త ఫండ్ యూనిట్ పది రూపాయలే కాబట్టి చవక అన్నది శుద్ధ తప్పు. ఫండ్‌లోని షేర్లు పది శాతం పెరిగితే పది రూపాయల యూనిటైనా, ఐదొందల యూనిటైనా పెరిగేది ఆ పది శాతమే.

ఒడిదుడుకుల్లో లాభముందంటే ఎఫ్ అండ్ ఓలోకి (ఫ్యూచర్స్, ఆప్షన్లు అనే గడువున్న ఒప్పందాల ట్రేడింగ్‌లోకి) దూకేవాళ్లున్నారు. మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ 2024 సెప్టెంబరులో ప్రకటించిన అధ్యయనం ప్రకారం మూడు ఆర్థిక సంవత్సరాల్లో వ్యక్తిగత ట్రేడర్లలో 93 శాతం మంది నష్టపోయారు. సిప్‌లో నెలకు పోసేది ఎంతో ముందే తెలుసు, కాలం మీ చేతిలో ఉంటుంది. ఆప్షన్‌కు గడువు తేదీ ఉంటుంది. గడువు దాటాక మార్కెట్ లేచినా మీకేం లాభం లేదు.

అపోహ: పదిహేనేళ్లు కట్టాక ఇక భయమే లేదు

అసలు భయపడాల్సింది అప్పుడే. మొదటి ఏడాదిలో పోగైంది తక్కువ, రాబోయే కిస్తీలు ఎక్కువ. కాబట్టి పతనం మీకు మేలు. పదిహేనో ఏడు తలకిందులు. 25 లక్షలు పోగయ్యాయనుకోండి, 30 శాతం పడితే 7.5 లక్షలు పోయినట్టు. దాన్ని నెలకు 5,000 కిస్తీ ఎక్కడ పూడ్చగలదు?

అందుకే అమ్మాయి ఇంజినీరింగ్ ఫీజు, ఇంటి డౌన్ పేమెంట్ లాంటి తేదీ ఖాయమైన అవసరానికి మూడేళ్ల ముందు నుంచే డబ్బు కదపడం మొదలుపెట్టండి. 36 నెలల ఎస్‌టీపీ (ఒక ఫండ్ నుంచి ఇంకోదానికి నెలనెలా డబ్బు మార్చే పద్ధతి) పెట్టి, ఈక్విటీ (షేర్ల) ఫండ్‌లోంచి బాండ్లలాంటి వాటిలో పెట్టే స్వల్పకాలిక డెట్ ఫండ్‌లోకి నెలకింత చొప్పున మార్చుకోవచ్చు. రెండు చిక్కులు చూసుకోవాలి. ఎస్‌టీపీ అంటే పన్ను లెక్కలో అమ్మకమే. ముందు కొన్న యూనిట్లే ముందు అమ్ముడవుతాయి. ఏడాది దాటిన ఈక్విటీ లాభంలో ఒక ఆర్థిక సంవత్సరానికి 1.25 లక్షల వరకు పన్ను లేదు, ఆపైన 12.5 శాతం. ఏడాది నిండని యూనిట్లకు చాలా ఫండ్లలో ఒక శాతం ఎగ్జిట్ లోడ్ (ముందే తీస్తే పడే రుసుము) ఉంటుంది కాబట్టి చివరి కిస్తీల యూనిట్లు నిండేదాకా ఆగండి. ఒకేసారి పెద్ద మొత్తం తీయక తప్పకపోతే సగం మార్చిలో, సగం ఏప్రిల్‌లో తీయండి. ఆ 1.25 లక్షల వెసులుబాటు రెండుసార్లు వాడుకోవచ్చు.